మొదటి హీటు ఎవరి ఖాతాలో?

(నందిని గని టౌన్‌షిప్‌లో తెలుగువారి సభలో చేసిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ స్మారకోపన్యాసం పాఠం)



నాయుడమ్మగారి పేరు మీద ఉపన్యాసమంటే తెనాలిలోనో, మద్రాసు అడయారులోనో జరగాలి గాని నందినిలో ఏమిటని ఒక మిత్రుడు అడిగాడు. ఆయన తోళ్ల శాస్త్రవేత్త, మనది సున్నపురాయి గని, ఎక్కడి పొత్తు ఇది అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. ఈ గంటసేపు నేను చెప్పేదంతా దానికి జవాబే అనుకోండి.

నాయుడమ్మగారు 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనం చదివారు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నారు. 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరు. అప్పట్లో మన దేశం పచ్చితోళ్లు, సగం పదును చేసిన తోళ్లు పరదేశాలకు అమ్ముకునేది. వాటి మీద లాభం చేసుకునేది అవతలివాళ్లు. తోలుపని చేసేవాడిని ఊరి బయట ఉంచే సమాజంలో, విశ్వవిద్యాలయ పట్టా ఉన్నవాడు తోళ్ల గుంటల దగ్గరికి పోయి నిలబడటమే పెద్ద విషయం. నాయుడమ్మగారు అక్కడితో ఆగలేదు. తోళ్లు పదును చేసేవాళ్లను తన సంస్థ లోపలికి తెచ్చారు. పాఠం చెప్పేవాళ్లూ, పరిశోధన చేసేవాళ్లూ, తోళ్ల వ్యాపారులూ ఒకే ఆవరణలో ఒకరికొకరు ఎదురుపడేలా చేశారు. 1971 నుంచి 1977 దాకా దేశంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతిగా ఉన్నప్పుడు ఇదే పద్ధతిని దేశమంతటికీ పట్టించాలని చూశారు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయింది. అందులో చనిపోయిన 329 మందిలో ఆయన ఒకరు. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్లు కూడా నిండలేదు.

ఇక విషయానికి వస్తాను. దేశానికి ఉన్న పెద్ద సమస్యను ఒకదాన్ని తీసుకుని ప్రయోగశాలల్ని, విశ్వవిద్యాలయాల్ని, కర్మాగారాల్ని, సరుకు వాడేవాళ్లని కలిపి దాని మీద పెట్టడం ఇప్పుడు ఢిల్లీలో బాగా వినపడే మాట. మిషన్ అంటున్నారు. వింటే ముచ్చటగానే ఉంటుంది. నా అభిప్రాయం దాచుకోకుండా ముందే చెబుతాను. ఇలాంటి కార్యక్రమంలో ఎంతమంది ఉద్దండులున్నారో చూసి దాని భవిష్యత్తు చెప్పలేం. పాడైపోయిన మొదటి హీటు ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారో చూసి చెప్పవచ్చు.

హీటంటే ఇక్కడ సగం మందికి చెప్పక్కర్లేదు. పిల్లల కోసం చెబుతున్నాను. కన్వర్టరులో ఒక్కసారికి కరిగించి దించే ఉక్కును హీటు అంటాం. భిలాయి ఉక్కు కర్మాగారంలో అది నూరు టన్నుల పైమాట. ప్రయోగశాలలో కొలిమి కొన్ని కిలోలది. నలుగురికి కుదిరిన పులుసు నాలుగు వందల మంది బంతిలో కుదరదని వంట తెలిసిన వాళ్లెవరైనా చెబుతారు. ఉక్కూ అంతే. చిన్న కొలిమిలో గుండుసూది మొన మీద నిలబెట్టినట్టు వచ్చిన రసాయనం, పెద్ద కన్వర్టరులో నికెల్ ఒకవైపూ మాంగనీసు ఒకవైపూ జారిపోయి, పోతపోసే సరికి పగుళ్లతో బయటికొస్తుంది. అప్పుడు నూరు టన్నులూ తుక్కు కింద పోవాలి. ఉత్పత్తి లెక్కలు చూసుకునే ఉక్కు షాపు అధికారికి ఆ రోజు రాత్రి నిద్ర ఉండదు. నెలాఖరులో ట్రయల్ హీటు కావాలని వచ్చిన పరిశోధకుడికి మా షాపులో టీ కూడా పోసేవాళ్లు కాదు. వాళ్లను తప్పుపట్టను. నెల టార్గెట్టు వాళ్ల మెడ మీద ఉంది, పరిశోధన పత్రం మీద మాత్రం వాళ్ల పేరు ఉండదు.

మనకు బాగా తెలిసిన సరుకు రైలు పట్టా. దాంతోనే మొదలుపెడతాను. 1955 ఫిబ్రవరిలో భిలాయి కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం, 1960లో పట్టాల మిల్లు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మట్టి తవ్వడానికి వచ్చిన మన తాతలు ఆ ఫర్నేస్ పునాదుల్లో పనిచేశారు. దల్లీ రాజహరా నుంచి ఖనిజం, హిర్రీ నుంచి డోలమైటు, నందిని నుంచి సున్నపురాయి. ఖనిజంలో ఉన్న ఇసుకనూ మట్టినీ పట్టుకుని స్లాగుగా తేల్చే పని మన రాయిది. అది చేయకపోతే ఇనుము ఇనుముగా దిగదు. దేశంలో పట్టాలెక్కిన ప్రతి ప్రయాణికుడి కింద ఎంతోకొంత నందిని పని ఉంది.

1998 నవంబరు 26 తెల్లవారుజామున పంజాబులో ఖన్నా దగ్గర పట్టా విరిగింది. ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలు పక్క లైను మీద పడ్డాయి, ఎదురుగా వస్తున్న జమ్ముతావి సియాల్దా ఎక్స్‌ప్రెస్ వాటిని గుద్దింది. 212 మంది పోయారు. ఆ తర్వాతి రోజుల్లో పట్టా నాణ్యత మీద జరిగిన వాదన ఈ ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. రైల్వేవాళ్లు ఉక్కువాళ్ల వైపు చూశారు, ఉక్కువాళ్లు లైను నిర్వహణ వైపు చూశారు. విరిగిన ఒక్క ముక్క పట్టుకుని తప్పెవరిదో తేల్చే పని విచారణ సంఘాలది, అందులోకి నేను పోను. ఆ వాదన నుంచి పుట్టిన పని గురించే నాకు ఆసక్తి. ఉక్కులో కరిగి ఉన్న హైడ్రోజన్ చల్లారేటప్పుడు బయటపడలేక లోపల వెంట్రుకవాసి పగుళ్లు పెడుతుంది. తడిసిన సున్నం వేసినా అది ఉక్కులోకి ఎక్కుతుంది, అందుకే వానాకాలం మాకు భయం. పట్టాల ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల పాళ్లలో 1.6 పాళ్లకు మించకూడదని హద్దు బిగించారు. దానికోసం భిలాయి శూన్యంలో ఉక్కును కడిగే ఆర్‌హెచ్ డీగ్యాసర్ పెట్టుకుంది. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్‌ఓ నియమం రాస్తుంది, రాంచీలో 1972లో పుట్టిన, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ వారి పరిశోధన కేంద్రం దారి చూపిస్తుంది, భిలాయి చేస్తుంది, రైల్వే వద్దనగలదు. ఈ చివరి మాట మీద కాసేపు ఆగండి. వద్దనగల కొనుగోలుదారు ఉండటం వల్లే ఆ పని ముందుకు నడిచింది. పొగిడేవాళ్లు మాత్రమే ఉన్న పరిశోధన ఒక పోస్టరు దగ్గర ఆగిపోతుంది.

పట్టాకు రెండో శత్రువు తుప్పు. ఈ కథ కొంచెం మోటుగా ఉంటుంది, పెద్దలు క్షమించాలి. మొన్నమొన్నటి దాకా మన రైలు మరుగుదొడ్లు నేరుగా లైను మీదికే తెరుచుకునేవి. ఆ మురుగు పట్టా అడుగున, క్లిప్పు పట్టుకునే చోట, లైనరు కింద నిలుస్తుంది. లైను చూసుకుంటూ పైనుంచి నడిచిపోయే కీమన్ కంటికి అది ఆనదు. పొరలు పొరలుగా లేచి అడుగు సన్నబడి, పదేళ్లు ఇంకా పనిచేయాల్సిన పట్టా ముందే పక్కకు తప్పుకుంటుంది. సముద్రపు గాలి తగిలే లైన్లలో దీనికి ఉప్పు కూడా తోడు. మన విశాఖ వైపు ఇనుప గేటు పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు.

2000 దశకంలో ఐఐటీ కాన్పూర్ కేంద్రంగా రైల్వే భద్రత కోసం ఒక టెక్నాలజీ మిషన్ నడిచింది. తుప్పును తట్టుకునే పట్టా అందులో ఒక పని. రైల్వే, ఆర్డీఎస్‌ఓ, భిలాయి, ఐఐటీ కలిసి చేశాయి. ఐఐటీ వైపు నుంచి ఉన్నవారిలో ఆచార్య ఆర్. బాలసుబ్రహ్మణ్యం ముఖ్యులు. ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కనున్న ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా తుప్పు తినకుండా ఎలా నిలిచిందో విడదీసి చెప్పినవారు ఆయనే. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. ఎండా వానా మార్చి మార్చి తగిలేసరికి దాని మీద ఒక పలచని కాపుదల పొర ఏర్పడింది. ఇంతకీ ఆ ఫాస్ఫరస్ అందులో ఎందుకు మిగిలింది? ఆ కాలపు కమ్మరులు ఇనుము తీసేటప్పుడు సున్నపురాయి వేయలేదు కాబట్టి. సున్నం ఉంటే ఫాస్ఫరస్‌ను స్లాగులోకి లాగేసేది. నందిని రాయి లాంటిది అందుబాటులో లేకపోవడమో, అక్కర్లేదనుకోవడమో ఆ స్తంభాన్ని బతికించింది. మన గని సభలో ఈ మాట చెప్పక తప్పదు గదా!

అలాగని పట్టాలో ఫాస్ఫరస్ ఉంచేస్తే కుదరదు. స్తంభం కదలకుండా నిలబడుతుంది, పట్టా మీద రోజూ వేల టన్నులు పరిగెడతాయి. ఫాస్ఫరస్ ఎక్కువైన పట్టా చలికాలం రాత్రి గాజులా పగులుతుంది. అందుకని రాగి, క్రోమియం, నికెల్ కొద్దికొద్దిగా కలిపి వేరే దారి వెతికారు. ఎన్‌సీసీ పట్టా అని మనం పిలిచేది అలా వచ్చింది. పదహారు వందల ఏళ్ల నాటి ఒక స్తంభం, లక్నో నియమాల పుస్తకం, భిలాయి మిల్లు, కీమన్ చూపు, అన్నీ ఒక ఉక్కు రకంలో కలిశాయి. బాలసుబ్రహ్మణ్యంగారు 2009లో నడివయసులోనే పోయారు.

ఇదే తుప్పుకు ఇంకో వైపు నుంచి ఇంకో కార్యక్రమం నడిచింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల సియాచిన్ లాంటి మంచుకొండల మీద సైనికుల మలాన్ని ఏం చేయాలో ఆలోచించింది. అక్కడి చలిలో అది కుళ్లదు, ఏళ్లతరబడి అలాగే ఉంటుంది. చలికి తట్టుకుని దాన్ని తినేసే సూక్ష్మజీవుల్ని పెంచి, వాటిని ఒక తొట్టిలో పెట్టారు. 2010 నాటికి రైల్వే ఆ తొట్టిని తన పెట్టెల కిందికి తెచ్చుకోవడానికి ముందుకొచ్చింది. 2012లో అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన వచ్చిన రైల్వే భద్రతా సమీక్ష నివేదిక కూడా మురుగు లైను మీద పడటం ఆపమని గట్టిగా చెప్పింది. 2010ల చివరికి దాదాపు రెండున్నర లక్షల బయో టాయిలెట్లు పెట్టెలకెక్కాయి.

అంతా సవ్యంగా జరిగిందని మాత్రం అనుకోకండి. 2017లో కాగ్ నివేదిక ఒక్క ఏడాదిలోనే సుమారు లక్ష సార్లు అవి పూడుకుపోయాయని లెక్క తీసింది. సూక్ష్మజీవి మలాన్ని తినగలదు. నీళ్ల సీసాను, గుట్కా పొట్లాన్ని, పసిపిల్లల డైపరును తినలేదు. ప్రయోగశాలలో ఆ సీసా లేదు, సియాచిన్‌లో ఆ సీసా లేదు, జనరల్ పెట్టెలో ఉంది. పరిశోధనకు ప్రయాణికుణ్ణి, సఫాయి కార్మికుణ్ణి పిలిచి ఉంటే మొదటి వారంలోనే ఈ సంగతి చెప్పేవాడు. పెట్టెలెక్కాక తెలుసుకున్నాం కాబట్టి దిద్దుబాటుకు ఎక్కువ ఖర్చయింది.

ఇంకో విడ్డూరం చూడండి. పట్టాను తుప్పుకు ఓర్చేలా చేయడం ఒక కార్యక్రమం, తుప్పు తెచ్చే మురుగును ఆపడం ఇంకో కార్యక్రమం. రెండూ వేర్వేరు ఒప్పందాల కింద నడిచాయి. రెండో పని ముందు జరిగి ఉంటే మొదటి పనిలో కొంత అక్కర్లేకపోయేది, సముద్రతీరానికి మాత్రం ఎలాగూ కావాలి. సమస్య ఎక్కడ మొదలవుతుందో అక్కడ పట్టుకోవడం చవక. మనం మాత్రం ఉక్కువాళ్లకు ఉక్కు ప్రశ్న, సూక్ష్మజీవులవాళ్లకు సూక్ష్మజీవుల ప్రశ్న పంచిపెట్టి, రెండూ ఒకే ప్రశ్న అని చెప్పే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదు.

విక్రాంత్ సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి త్వరగా చెప్పి ముందుకు పోతాను. యుద్ధనౌకల ఉక్కు కోసం మనం రష్యా మీద ఆధారపడేవాళ్లం. స్వదేశీ విమానవాహక నౌకకు ఆ ఉక్కు సమయానికి అందే దారి లేకపోయింది. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్ అంటాం, సెయిల్, నౌకాదళం కలిసి డీఎంఆర్ 249ఏ అనే రకాన్ని నిలబెట్టారు. కార్బన్ పదో వంతు శాతం, నికెల్ ఒక శాతం దగ్గర, వెనేడియం, నియోబియం, టైటానియం చిటికెడు చిటికెడు. సున్నాకు 60 డిగ్రీలు కిందికి పోయినా దెబ్బకు విరగకూడదు, అదీ షరతు. దాని అన్న డీఎంఆర్ 249బి ఇంకా గట్టిది, విమానాలు దిగే తలానికి. 2005లో కొచ్చి నౌకాశాలలో ఉక్కు కోత మొదలైంది. 2009లో వెన్నుదూలం వేశారు. 2022 సెప్టెంబరు 2న నౌక దళంలో చేరింది. సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కు బొకారో, భిలాయి, రూర్కెలాల నుంచి పోయింది. ఆ తర్వాత వచ్చిన నౌకలకూ ఈ రకం ఉక్కే పోతోంది.

అది ఎందుకు నిలబడింది? నా లెక్కలో ఒకే కారణం. నౌకాదళానికి వేరే దారి లేదు. దారి లేని కొనుగోలుదారు ట్రయల్ హీట్ల ఖర్చు కింద సంతకం పెడతాడు, పాడైన ప్లేటు చూసి పారిపోడు, మళ్లీ పోయమంటాడు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు మొదటి అంచె తొడుగు కథా అంతే. ఉక్కు హైదరాబాదులో 1973లో పుట్టిన మిశ్రధాతు నిగంలో కరిగింది, రేకు రూర్కెలాలో సాగింది, తొడుగును ప్రైవేటు కర్మాగారాలు చుట్టాయి, లెక్క తిరువనంతపురానిది. 1993 సెప్టెంబరులో మొదటి రాకెట్టు పడిపోయింది. పడిపోయిందని ఎవరూ పక్కకు తప్పుకోలేదు. పదమూడు నెలల్లో, 1994 అక్టోబరు 15న, రెండోది కక్ష్యకు చేరింది.

కొనుగోలుదారు లేనిచోట ఏమవుతుందో కూడా నాయుడమ్మగారి జీవితంలోనే ఉంది. 1970ల తొలి ఏళ్లలో ఆయన తన మండలిలోని ప్రయోగశాలలన్నిటినీ కరీంనగర్ జిల్లాకు తీసుకుపోయారు. ఒక వెనకబడిన జిల్లాను తీసుకుని, అక్కడి నీరు, నేల, తోలు, మట్టి, చేతిపనులు అన్నీ చూసి, ఏ ప్రయోగశాల ఏం చేయగలదో అక్కడే తేల్చాలన్నది ఆలోచన. ఢిల్లీ నుంచి చూస్తే విప్లవం లాంటి ఆలోచన. శాస్త్రవేత్త పల్లెకు పోవాలి గాని పల్లె ప్రయోగశాలకు రాలేదు గదా. ఇవాళ కరీంనగర్ ప్రయోగం పేరు విజ్ఞాన విధానం మీద రాసేవాళ్ల పుస్తకాల్లో కనపడినంతగా కరీంనగర్‌లో వినపడదు. ఆయన్ను గౌరవిస్తూనే ఈ మాట అంటున్నాను. రైతుకు, కుమ్మరికి, తోలుపనివాడికి ఆ కార్యక్రమంలో వద్దనే అధికారం లేదు. పాడైతే నష్టం ఎవరు భరిస్తారో రాసిపెట్టలేదు. నౌకాదళం అడ్మిరల్‌కి ఉన్న నోరు కుమ్మరికి లేదు. పేదవాడి సమస్య మీద జాతీయ పరిశోధన అన్నప్పుడల్లా ఇదే అడ్డం వస్తుంది. పడవకు కొనేవాడు ఉంటాడు, పల్లెకు ఉండడు. ఆ చోటును ప్రభుత్వమే నింపాలి, అంటే పల్లె తరఫున వద్దనే నోరు ఒకటి కార్యక్రమంలో కూర్చోబెట్టాలి. నాయుడమ్మగారు తోళ్ల విషయంలో అది చేయగలిగారు, ఎందుకంటే అక్కడ వ్యాపారి ఉన్నాడు, ఎగుమతి ఉంది, నాణ్యత లేకపోతే సరుకు వెనక్కి వస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మన దేశం పరిశోధన మీద పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. ఏళ్లుగా దాని చుట్టుపక్కలే తిరుగుతోంది. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం వచ్చింది. అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు అన్నారు, అందులో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి, అంటే ఎక్కువగా పరిశ్రమల నుంచి రావాలి. 2025 జూలైలో పరిశోధన, ఆవిష్కరణల కోసం లక్ష కోట్ల పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంకెలు పెద్దవే, సంతోషమే. పరిశ్రమ ముందుకు రాలేదని ప్రతి ఏడూ అంటూంటారు. పరిశ్రమ ఎందుకు రాదో ట్రయల్ హీటు అడిగినవాడికి తెలుసు. పత్రాలకు, పరికరాలకు డబ్బు పద్దు ఉంటుంది. తుక్కుగా పోయిన నూరు టన్నులకు పద్దు ఉండదు. ఆ ఒక్క పద్దు తెరిస్తే సగం తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఇది నా అనుభవం.

ఇంతదాకా జరిగిన పనుల గురించి చెప్పాను. జరగాల్సినది మీ గని గేటు ముందే ఉంది.

ప్రపంచంలో ఒక టన్ను ఉక్కుకు సగటున 1.9 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంటే, మన దేశంలో 2.5 టన్నులు పోతోంది. ఉక్కు మంత్రిత్వ శాఖ లెక్కే ఇది. యూరప్ మన ఉక్కు కొనేటప్పుడు ఆ వాయువుకు కూడా ధర కడుతుంది. 2023 జనవరిలో మంజూరైన 19,744 కోట్ల జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌లో ఉక్కు ప్రయోగాలకు 455 కోట్లు కేటాయించారు. బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ఇనుము తీయాలన్నది లక్ష్యం. నిన్నటిదాకా పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు హైడ్రోజన్ ఉక్కులో ఉంటే శూన్యం పెట్టి లాగేసినవాళ్లం, ఇప్పుడు దాన్నే కొలిమిలోకి పిలుస్తున్నాం. మారిన కాలం!

స్వీడన్‌లో 2016లో హైబ్రిట్ అని ఒక కార్యక్రమం మొదలైంది. ఉక్కు చేసే సంస్థ ఎస్ఎస్ఏబీ, ఖనిజం తవ్వే సంస్థ ఎల్‌కేఏబీ, కరెంటు అమ్మే సంస్థ వాటెన్‌ఫాల్, మూడూ సమాన భాగస్వాములు. 2020 ఆగస్టులో లులియోలో ప్రయోగ ప్లాంటు మొదలుపెట్టారు. 2021 ఆగస్టులో బొగ్గు వాడని మొదటి ఉక్కు వోల్వో చేతికి వెళ్లింది. మొదటి ఉక్కు వచ్చే నాటికే కొనేవాడు ఉన్నాడు. గని సమాన భాగస్వామి. ఇది గమనించండి. మన పథకాల్లో గని అంటే రాయి పంపే చోటు, అంతే.

దీన్ని చూసి మనం లులియోను నకలు కొట్టవచ్చా? కుదరదు. వాళ్ల ఖనిజం మాగ్నటైటు, దాన్ని ఎంతో శుభ్రంగా తీయగలరు. మన రాజహరా ఖనిజంలో అల్యూమినా, మట్టి ఎక్కువ. హైడ్రోజన్ ఇనుములో ఆక్సిజన్‌ను లాగేస్తుంది, మట్టిని లాగదు. ఆ మట్టిని పట్టడానికి మళ్లీ సున్నమే కావాలి, మన ఖనిజానికి వాళ్లకంటే ఎక్కువ కావాలి. సున్నం కావాలంటే రాయి కాలాలి. స్వచ్ఛమైన సున్నపురాయి ఒక క్వింటాలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల వాయువు గాలిలోకి పోతుంది. కాల్చడానికి సౌరవిద్యుత్తు వాడినా ఆ 44 కిలోలు ఆగవు, అది రాయి లోపలే ఉంది. బొగ్గు పూర్తిగా పోయినా నందిని వాటా మిగిలే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఏం చేయాలి, స్లాగులోనే మళ్లీ బంధించవచ్చా, రాయి వాడకం ఎలా తగ్గించాలి, జాముల్ సిమెంటు కర్మాగారానికి పోయే స్లాగు లక్షణం ఎలా మారుతుంది, ఈ ప్రశ్నలకు జవాబు స్వీడన్‌లో దొరకదు. ఇక్కడి రాయితో, ఇక్కడి ఖనిజంతో, ఇక్కడి వానాకాలంలో తేలాలి. దేశం పెద్ద సమస్య అంటే ఇదే, అది నందిని నుంచి భిలాయికి పోయే ఇరవై మూడు కిలోమీటర్ల రోడ్డుకు ఆ కొసా ఈ కొసా ఉంది.

కావలసినవాళ్లంతా చుట్టుపక్కలే ఉన్నారు. 2016లో పుట్టిన ఐఐటీ భిలాయి దుర్గ్ జిల్లాలోనే ఉంది. రాంచీలో సెయిల్ పరిశోధన కేంద్రం, జంషెడ్‌పూర్‌లో 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ ప్రయోగశాల, హైదరాబాదులో లోహాల పనితనం నేర్చిన సంస్థలు నాలుగైదు. సిమెంటు పక్కనే. రైల్వే పట్టాలకు కొనుగోలుదారు మాత్రమే కాదు, అది మనకు వద్దనగల పాత మిత్రుడు. రేపు తక్కువ వాయువుతో చేసిన పట్టా ఇంత ధరకు కొంటానని రైల్వే ఒక కాగితం మీద రాసిస్తే, మిగతా అందరూ దాని వెనక నడుస్తారు. రాసివ్వకపోతే ఎన్ని సదస్సులు పెట్టినా భోజనాలు అయ్యాక లేచిపోతారు.

ఇక్కడ చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. మీ నాన్న క్రషర్ దగ్గర పనిచేస్తున్నాడని చెప్పుకోవడానికి మొహమాటపడకండి. వానాకాలంలో ఏ బెంచి నుంచి వచ్చే రాయిలో మట్టి ఎక్కువో, ఏ వైపు రాయి కొలిమిలో పొడి అవుతుందో ఆయనకు తెలుసు. ఐఐటీ ప్రయోగశాలకు ఆ సంగతి ఇంకా తెలియదు. ఆయన చెప్పేది రాసి పెట్టుకోండి, తేదీ వేసి, బెంచి నంబరు వేసి. తెలుగులోనైనా సరే, ఛత్తీస్‌గఢీలోనైనా సరే. పరిశోధనకు మొదటి సమాచారం అదే.

పెద్దలకు ఒక విన్నపం. ఈ సభ తరఫున మూడు ఉత్తరాలు రాద్దాం. ఒకటి ప్లాంటు యాజమాన్యానికి, ఒకటి ఐఐటీకి, ఒకటి ఉక్కు మంత్రిత్వ శాఖకు. సున్నపురాయి వాయువు మీద, స్లాగు మీద ఒక ఉమ్మడి కార్యక్రమం అడుగుదాం. అందులో రెండు షరతులు పెడదాం. గని నుంచి ఒకరు, వీలైతే షిఫ్టు పనివాళ్లలో ఒకరు, సమితిలో సభ్యులుగా ఉండాలి. పాడైపోయే మొదటి పది ట్రయల్ హీట్ల ఖర్చు కార్యక్రమం పద్దులోనే ముందుగా రాయాలి, షాపు మీద వేయకూడదు. ముసాయిదా నేను రాసి తెచ్చాను, బయట బల్ల మీద పెట్టాను. చదివి, తప్పులుంటే కొట్టేసి, సంతకాలు చేసి వెళ్లండి.